భూగర్భజలము

వేసవికాలమున అనంతపురము ప్రాంతములో పెన్నానది చాలవఱకు ఇసుకయై మిగులును. కనుచూపుమేర నీటిబొట్టు కానరాదు. ఊళ్లకు కొళాయిలు రాని దినములలో ఏటియొడ్డు పల్లెల స్త్రీలు బిందెలతో ఆ ఇసుకలోనికి దిగి, చేతులతో ఇసుకను తోడి, లోతైన గుంట చేసెడివారు. కొంతసేపటికి గుంటలో తేటనీరు ఊఱును. దీనికే చెలమ యని పేరు. ముంచినకొలది నీరు మరల ఊఱుచుండును. ఎండిన యేటిలో ఈ నీరెక్కడిది?

ఇసుకరేణువుల నడుమ సందులు కలవు. వరదలనాటి నీరు ఆ సందులలో నిలిచియున్నది. ఒక పదార్థములో ఇట్టి ఖాళీ యెంత కలదో తెలుపు మాట సచ్ఛిద్రత. ఆ ఖాళీలగుండ నీరు ఎంత సులువుగా నడువగలదో తెలుపు మాట పారగమ్యత. ఈ రెంటిని ఒకటిగా తలచుట తఱచుగా జరుగు పొరపాటు. బంకమన్నులో సగమువఱకు ఖాళీ యుండవచ్చును; ఇసుకలో అంత యుండదు. కాని బంకమన్నులోని సందులు అతిసూక్ష్మములగుటచే నీరు వానిలో చిక్కుకొని కదలదు. అందుచేతనే చెఱువుకట్టకు బంకమన్ను వేసి దట్టించుదురు. చెలమను మాత్రము ఇసుకలోనే త్రవ్వుదురు. ఇసుక నింపిన గొట్టములగుండ నీటిని పంపి, అది నడచు తీరునకు 1856లో సూత్రము చెప్పినవాడు హెన్రీ డార్సీ అను ఫ్రెంచి ఇంజనీరు.

అయితే రాయలసీమలోను, తెలంగాణములోను పెక్కుచోట్ల నేలక్రింద నున్నది ఇసుక కాదు. గ్రానైటు, నైసు అను గట్టిశిలలు. చెక్కుచెదరని గ్రానైటులో ఖాళీ నూటికి ఒకవంతుకూడ నుండదు. మఱి అచటి బావులకు నీరెట్లు వచ్చును? ఎండయు, వానయు, చెట్లవేళ్లును కలిసి లక్షల యేండ్లుగా రాతి పైభాగమును పొడిచేయుచున్నవి. దీనిని శిలాశైథిల్యమందురు. రైతు మొరమని పిలుచునది ఈ శిథిలమైన రాతినే. దానిక్రింద రాతిలో పగుళ్లు కలవు. మొరములోను, పగుళ్లలోను నిలిచిన నీరే ఆ ప్రాంతముల సొత్తు. నీటిని నిలుపుకొని బావికి విడువగల ఇట్టి పొరకు జలవాహకస్తరమని పేరు. పేరు పెద్దదే గాని, పొర పలుచన; పలుతావుల ఇరువది మీటర్లకు మించదు.

బావిలో కనబడు నీటిమట్టము ఆ బావికి మాత్రమే చెందినది కాదు. చుట్టుప్రక్కల నేలలోను ఇంచుమించు ఆ మట్టమువఱకు సందులన్నియు నీటితో నిండియుండును. ఇదియే భూగర్భజలమట్టము. వానలకు ఇది పైకి వచ్చును, వేసవిలో దిగును. ఈ యొక్కమాట అర్థమైనచో పల్లెలలోని పెక్కు తగవుల మూలము తెలియును. ఒక రైతు మోటారు పెట్టి నీరు తోడునపుడు అతని బావిచుట్టును జలమట్టము గరాటువలె పల్లమగును. ఆ పల్లము ప్రక్కచేనివఱకు వ్యాపించినచో పొరుగువాని బావి ఇంకిపోవును. అతడు అప్పుచేసి లోతుగా బోరు వేయించును. అంతట మొదటివాని బావి ఎండును. అతడును అప్పు చేయును. ఇరువురును తోడుచున్నది ఒక్క పొరలోని నీరే. బోరు లోతైనంతమాత్రమున ఆకాశమునుండి పడు వాన పెరుగదు. బోరు వేయుటకు ముందు అరచేత కొబ్బరికాయ నిలిపి జల చూచువారు నేటికిని కలరు. నీరు పడిన బోరును గూర్చి ఊరంతయు చెప్పుకొందురు. పడనివానిని గూర్చి ఎవరును చెప్పుకొనరు. నాటి ఆంధ్రప్రదేశములో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, ప్రజలు త్రాగు నీటిబావికి 250 మీటర్లలోపల అనుమతి లేక క్రొత్తబావి త్రవ్వరాదని విధించినది.

లోతునకు పోయినకొలది మఱియొక చిక్కు కలదు. రాతితో చిరకాలము కలిసియున్న నీటిలో ఆ రాతియందలి ఖనిజములు కరగును. ఫ్లోరైడు అట్టిది. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని పసితనమునుండి త్రాగినవారి పండ్లపై మచ్చలు పడును; మిక్కిలి హెచ్చైనచో ఎముకలును కీళ్లును చెడి నడుము వంగిపోవును. నాటి నెల్లూరుజిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. తరువాత నల్లగొండ ప్రజలు దీనివలన పడిన బాధ దేశమంతట తెలిసినది. పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానమునకు నల్లగొండ పద్ధతి యనియే పేరు.

తోడిన నీటికి బదులుగా వాననీరు ఇంకి, పొర మరల నిండుటను పునర్భరణమందురు. అనంతపురము ప్రాంతమున ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అందు చాలభాగము ఆవిరియగును; కొంత వాగులవెంట పోవును. గట్టిశిలల సీమలో నూటికి పదివంతులు ఇంకినను విశేషమే. వానను పోనీయక నిలిపి, ఇంకుటకు వ్యవధి నిచ్చునది చెఱువు. చెఱువు నిండిన యేట కట్టక్రింది బావులకు ఊట హెచ్చుట రైతులెల్లరు ఎఱిగినదే.

కడపజిల్లాలోని పోరుమామిళ్ల చెఱువు విజయనగర రాజవంశీయుడగు భాస్కరుడు కట్టించినది. అచటి 1369 నాటి సంస్కృతశాసనము చెఱువునకు వలసిన పండ్రెండు అంగములను, ఆఱు దోషములను పేర్కొన్నది. జలశాస్త్ర మెఱిగినవాడు ఒక అంగము. కట్టనుండి నీరు కాఱుట, నేల చవుడగుట, నీరు కొంచెమై సాగుభూమి విస్తారమగుట దోషములలోనివి. ఈ కడపటి దోషము చెఱువులకే గాక నేటి బోరుబావులకును చెల్లును.

చెఱువున కేటేట వచ్చిచేరు మెత్తని ఒండ్రు అడుగున పేరుకొని పూడికయగును. నీరు నిలుచు చోటు తగ్గును. ఒండ్రు పారగమ్యత తక్కువది గావున ఇంకుటయు తగ్గును. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెఱువుల పూడిక తీయించుట ఆరంభించినది. తీసిన మట్టిని రైతులు ట్రాక్టర్లపై తమ చేలకు తోలుకొనిరి. చెఱువులో నీటి కడ్డమైన ఆ ఒండ్రే చేనిలో ఎరువయ్యెను.