కడవెండి దారి

ఓరుగల్లునకు వచ్చువారు కాకతీయుల కీర్తితోరణములను జూచి మరలుదురు. వారు మఱియొక దినము వెచ్చించి కడవెండిని గూడ దర్శింపవలయునని నా మనవి. 2016 వఱకు వరంగల్లు జిల్లాలో నుండి, నేడు జనగామ జిల్లాలో జేరిన గ్రామ మది.

నే నచ్చటికి బోయినది శిల్పములకు గాదు. ఒక మాట కర్థము వెదకుటకు. “బాంచెను దొరా, నీ కాల్మొక్కుత” అని తెలంగాణపు పల్లెలలో నొకప్పుడు వినబడెడిది. బాంచెనన బానిసనని యర్థము. నిజాము పాలనలో దేశముఖు నివసించు గడికి చాకలి, కుమ్మరి మొదలగువారు కూలి లేకయే వెట్టి చేయవలయును. గొల్లకురుమలు వెల గొనకయే గొఱ్ఱెల నీయవలయును. ఆ మాటకు బుట్టినిల్లు ఈ వెట్టియే.

కడవెండి విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి యధికారము సాగిన యూరు. ఆంధ్రమహాసభ ప్రేరణమున రైతులు సంఘము గట్టిరి. 1946 జూలై 4న వారి యూరేగింపు గడి చెంతకు రాగా తుపాకులు ప్రేలెను. కురుమ యువకుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. అతని సోదరుడు మల్లయ్య గాయపడెను. జనము బెదరి పాఱిపోలేదు, గడిని జుట్టుముట్టిరి. అచ్చట రగిలిన పోరు, 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున గలిసిన పిమ్మటను, 1951 వఱకు సాగెను.

కొమరయ్య రాజ్యము లేలినవాడు గాడు, గ్రంథములు రచించినవాడు గాడు. ఆయన స్మారకస్తూప మా యూర గలదు. మీరు పోవునపుడు పిల్లలను వెంట గొనిపొండు. బాంచె యను మాట కర్థము నిఘంటువు చెప్పును. అది యెట్లు మన నోటినుండి తొలగెనో కడవెండి చెప్పును.