నర్సింగ్ చదివించాలంటే పీయూసీలో చేర్చే ముందే ఆలోచించండి

గుడిబండె చుట్టుపక్కల ఊళ్లలో ఎస్‌ఎస్‌ఎల్‌సీ అయిన పిల్లలు నర్సింగ్ చేస్తామంటే మంచిదే. అయితే నర్సింగ్ అంటే ఒకటే కోర్సు కాదు, మూడు దార్లున్నాయి.

ఏఎన్ఎం: 2 ఏళ్లు. పీయూసీ ఆర్ట్స్ అయినా చాలు. ఊళ్లో టీకాలు వేసే, గర్భిణులను చూసుకునే సిస్టర్ పని ఇదే.

జీఎన్ఎం: 3 ఏళ్ల డిప్లొమా. పీయూసీ ఏ గ్రూపైనా ఇంగ్లిష్ ఉండాలి, 40 శాతం మార్కులు రావాలి. ఆస్పత్రి వార్డుల్లో పని. తర్వాత 2 ఏళ్లు పోస్ట్ బేసిక్ చదివితే బీఎస్సీ డిగ్రీ వస్తుంది.

బీఎస్సీ నర్సింగ్: 4 ఏళ్లు. పీయూసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ తప్పనిసరి. ప్రభుత్వ కోటా సీట్లు సీఈటీ ద్వారా ఇస్తారు. పైన ఎమ్మెస్సీ 2 ఏళ్లు.

చాకీ బాగుంటేనే పంట నిలబడుతుందని మనకు తెలుసు. ఇక్కడ చాకీ అంటే పీయూసీ. బయాలజీ ఉన్న సైన్స్ తీసుకుంటే మూడు దార్లూ తెరిచి ఉంటాయి. ఆర్ట్స్ తీసుకుంటే నేరుగా బీఎస్సీకి పోయేదానికి లేదు, జీఎన్ఎం చేసి తిరిగి రావాల.

ఇంకో మాట. శిడ్లఘట్టలో గూళ్లు అమ్మిన డబ్బు ఏజెంటు చేతిలో పెట్టొద్దు. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, బీఎస్సీ అయితే రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉందా చూడండి. కోర్సు అయినాక కౌన్సిల్లో రిజిస్టర్ కాకుంటే నర్సుగా పని చేసేదానికి కాదు. ఫీజుతోపాటు హాస్టల్, యూనిఫాం ఖర్చు కూడా ముందే అడిగి, రసీదు తీసుకోండి.

మగపిల్లలూ జీఎన్ఎం, బీఎస్సీ చదవొచ్చు. పదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఈ మెసేజ్ పంపండి.