లేవగానే పొడిచే మడమ నొప్పి

తెల్లవారి పక్క దిగి మొదటి అడుగు వేయగానే మడమ క్రింద మేకు దిగినట్లు పొడుచును. పది అడుగులు నడచిన పిమ్మట కొంత సడలును. మగ్గం గుంటలో రెండు గంటలు కూర్చుండి లేవగానే మరల అదే పోటు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మన నేత కుటుంబాలలో ఈ బాధ మాతో చెప్పుకొన్నవారు పెక్కుమంది కలరు. వాతమని ఓర్చుకొనువారు కొందరు. "ఎముక పెరిగింది, కోయవలసినదే" అన్న మాట విని హడలిపోయి మగ్గమే మానుకొన్నవారు మరికొందరు. వారికొరకే ఈ నాలుగు మాటలు.

అరికాలిలో మడమ ఎముకనుండి వేళ్ళ మొదళ్ళ వరకు ఒక గట్టి పట్టీ కలదు. పడుగు వలె అది బిగువుగా నిలిచి పాదపు వంపును కాపాడును. లాగుడు ఎక్కువైన చోట పడుగు తెగునని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈ పట్టీకి ఆ చోటు మడమ దగ్గరి కొస. నిద్రలో పట్టీ ముడుచుకొనును. లేచి బరువు మోపగానే ఒక్కసారిగా సాగును. మొదటి అడుగున పోటు అందువలననే.

తొక్కుడు చెక్కలను మునివేళ్ళతో నొక్కునప్పుడు పిక్క బిగియును. పిక్క బిగిసినకొలది అరికాలి పట్టీపై లాగుడు హెచ్చును. అయినను తప్పంతయు మగ్గానిదే అని మేము చెప్పము. ఒంటి బరువు, నలుబది దాటిన వయసు, హోసూరు సిప్కాట్ కర్మాగారాలలో మన పిల్లలు గంటలకొలది సిమెంటు నేలపై నిలుచుట, ఇంట గ్రానైటు పలకలపై వట్టికాళ్ళతో తిరుగుట, ఇవన్నియు కలియును. కృష్ణగిరి రాయి కంటికి ఇంపే గాని మడమకు కాదు.

ఇక ఎక్స్‌రేలో కనబడు ఎముక ముల్లు. నొప్పి ఎరుగనివారి మడమలలోను అది పలువురకు ఉండును. కనుక దానిని చూచి కోతకు తొందరపడరాదు. నూటికి 80 మందికి పైగా కోత లేకుండనే ఏడాది లోపల నయమగుచున్నది. వారంలో గుణం కనబడలేదని సాధన మానరాదు.

సాధన ఇది. కాలు నేల మోపకముందే, పక్క మీదనే, నొప్పి కాలిని రెండవ మోకాలిపై వేసికొని కాలివేళ్ళను చేతితో ముంగాలి వైపునకు లాగవలెను. అరికాలిని తడిమిన పట్టీ త్రాడువలె తగులును. 10 లెక్కించి వదలవలెను. ఇట్లు 10 మార్లు, రోజుకు 3 పూటలు. మగ్గం నుండి లేచుటకు ముందు కూడ చేయుట మేలు. పిక్క సడలుటకు గోడకు చేతులాన్చి, నొప్పి కాలు వెనుకనుంచి, మడమ ఎత్తక, మోకాలు వంచక, 30 లెక్కించువరకు ముందుకు వాలవలెను. ఇంటిలోను మెత్తని చెప్పులు తొడుగవలెను. అరిగిన హవాయి చెప్పులు పనికిరావు.

స్టీరాయిడు సూది కొన్ని వారాలు హాయినిచ్చును. మాటిమాటికి వేయించుకొన్నచో పట్టీ తెగవచ్చును, మడమ క్రింది మెత్తన కరగవచ్చును.

జిల్లేడాకు పరచిన వేడి ఇటుకపై మడమ మోపుట మన పెద్దల వైద్యము. కాపడం హాయిగా నుండుట నిజమే. కాని చక్కెర వ్యాధి వలన పాదాలు మొద్దుబారినవారికి చర్మం కాలుచున్నను తెలియదు. చిన్న బొబ్బ పుండై కాలు తీసివేయువరకు పోవచ్చును. అట్టివారు ఇటుక జోలికి పోరాదు.

మడమ వాచి ఎర్రబడినను, జ్వరమున్నను, తిమ్మిరి ఎక్కినను, పడుకొన్నను నొప్పి వదలకున్నను వెంటనే వైద్యునికి చూపవలెను. పడుచువారికి రెండు మడమలతోపాటు నడుము కూడ ఉదయం బిగిసినచో అది కీళ్ళవాతము కావచ్చును.

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' పథకమును మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభించినది. చక్కెర వ్యాధి మందులతోపాటు ఫిజియోథెరపీ కూడ ఇంటివద్దనే అందించుట అందులో చేర్చిరి. గుంటలోనికి దిగలేని పెద్దలున్న ఇంటివారు ఊరి ఆరోగ్య కార్యకర్తను ఈ వారమే అడిగి చూడవలెను.