పసిబిడ్డకు పొలమారితే: ఎక్స్‌రే మందులోను, ఇంటి ఆముదంలోను ఒకే ప్రమాదం

కొన్నేండ్ల క్రిందట మైపాడు ప్రాంతం నుండి ఒక దంపతులు రెండు నెలల బిడ్డను నా వద్దకు తీసుకొనివచ్చారు. పాలు త్రాగినప్పుడల్లా దగ్గు. పెదవులు నీలివర్ణానికి తిరగడం. “పిల్లల డాక్టరుగారు తెల్లమందు త్రాగించి ఎక్స్‌రే తీయాలంటున్నారండీ. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమట. మీరే ఏదైనా కషాయం ఇప్పించండి” అని తల్లి వేడుకొన్నది. నేను కషాయం ఇవ్వలేదు; పరీక్షకే పంపాను. కారణం వివరిస్తాను.

పొలమారడం ఎందుకు?

అన్నప్రవేశం, శ్వాసక్రియ రెండూ ప్రాణవాయువు కార్యాలేనని వాగ్భటుడు చెప్పాడు. గొంతులో శ్వాసనాళం ముందు, అన్నవాహిక వెనుక ఉంటాయి. మ్రింగే క్షణంలో శ్వాసమార్గం మూసుకొనాలి. నెలలు నిండక పుట్టిన శిశువులలో, నరాల లోపం ఉన్నవారిలో ఈ పొందిక కుదరదు. కొందరికి పుట్టుకతోనే ఈ రెండు నాళాలను కలుపుతూ సన్నని మార్గం ఉంటుంది. అప్పుడు ప్రతి గుక్కా గండమే.

పరీక్షలో ఇచ్చే ద్రవాలు

సాధారణ ఎక్స్‌రేలో ఎముకలు కనిపించినంత స్పష్టంగా అన్నవాహిక కనిపించదు. అందుకే కిరణాలను అడ్డగించే ద్రవాన్ని త్రాగిస్తారు.

బేరియం సల్ఫేటు నీటిలో కరగదు, రక్తంలో చేరదు, మలంతో వెడలిపోతుంది. కొద్దిగా శ్వాసనాళంలో పడినా చాలవరకు దగ్గుతో బయటికి వస్తుంది. ఎక్కువగా పడితే మాత్రం నాళాలను మూసివేసి వాపు కలిగిస్తుంది. ప్రేగుకు రంధ్రం పడిందనే అనుమానం ఉంటే దీనిని వాడరు.

రెండవ రకం అయోడిన్ ద్రవాలు. వీటిలో గ్యాస్ట్రోగ్రాఫిన్ వంటివి రక్తం కంటే సుమారు 6 రెట్లు గాఢమైనవి. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరూరుతుంది కదా! అట్లే ఈ ద్రవం ఊపిరితిత్తులలో పడితే చుట్టూ ఉన్న నీటిని లాగి, వాటిని నీటితో నింపుతుంది. ప్రాణాపాయమూ కలుగవచ్చు. కనుక పొలమారే శిశువులకు దీనిని నోటి ద్వారా ఇవ్వరాదు. గాఢత తక్కువైన ఐయోహెక్సాల్ వంటి ద్రవాలు ఇటువంటి సందర్భంలో మేలు.

మరి పరీక్ష ఎందుకు? అనుభవజ్ఞులు ద్రవాన్ని కొద్దికొద్దిగా ఇస్తూ, తెరపై చూస్తూ, దారి తప్పగానే ఆపివేస్తారు. లోపలి ద్రవాన్ని పీల్చివేసే సాధనం ప్రక్కనే ఉంటుంది. ఇంట్లో రోజుకు పదిసార్లు పాలు పొలమారుతుంటే చూచేవారెవరు? ఆ బిడ్డకు రెండు నాళాల నడుమ మార్గం బయటపడింది. శస్త్రచికిత్సతో కోలుకొన్నది.

ఇంటిలోని ప్రమాదం

ఆ రోజు మరొక సంగతి తెలిసింది. నాయనమ్మగారు నిత్యం స్నానం తరువాత బిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేసి, ముక్కు మూసి ఆముదం పోస్తున్నారు. నూనె పాలవలె దగ్గు పుట్టించదు; చప్పుడు లేకుండా ఊపిరితిత్తులకు జారి న్యుమోనియా తెస్తుంది. దక్షిణ భారతంలో వైద్యులు ఇటువంటి శిశువులను ఎందరినో చూచి వ్రాశారు. ఏడేండ్లలోపు వారికి నస్యం తగదని అష్టాంగహృదయమే చెబుతున్నది. వైద్యం ఆరంభించిన తొలినాళ్ళలో నేనూ తల్లులను ఈ విషయం అడిగేవాడను కాను. అది నా పొరపాటే.

తల్లిదండ్రులు పాటించవలసినవి

1. పాలు త్రాగేటప్పుడు దగ్గు, నీలివర్ణం, నెలలు నిండని కాన్పు, ఇంట్లో నూనె పోసిన సంగతి ఏదీ దాచక పరీక్షకు ముందే చెప్పండి.
2. ఏ ద్రవం ఇస్తున్నారో, ఎందుకో అడగండి. అడగడం తప్పు కాదు.
3. చెప్పినంతసేపు పాలు మానండి. ఏడుస్తున్నదని చాటుగా పట్టవద్దు. నిండు కడుపుతో వాంతి అయితే అదీ పొలమారుతుంది. చెప్పినదానికి మించి పస్తు పెట్టవద్దు.
4. పరీక్ష తరువాత ఆయాసం, మూలుగు, డొక్కలు ఎగురవేయడం, జ్వరం, నీలివర్ణం కనిపిస్తే చిట్కాలు చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకొనివెళ్ళండి.
5. పసిబిడ్డకు ఆకుపచ్చని వాంతి అయితే ప్రేగు మెలిపడి ఉండవచ్చు. తెల్లవారేదాకా ఆగవద్దు.
6. వైద్యుడు ఇచ్చిన మందును తల ఎత్తిపెట్టి, ఏడుపు ఆగిన తరువాత, బుగ్గ ప్రక్కగా కొద్దికొద్దిగా పట్టండి. ముక్కు మూయవద్దు, ముక్కులో నూనె వేయవద్దు.

ఆముదాన్ని నేను ద్వేషించను. నా గురువుగారి వద్ద నేర్చుకొన్న మొదటి ఔషధాలలో అదొకటి. కాని ఔషధం ఎంత మంచిదైనా దారి తప్పితే విషమే.