‘పడటం లేదు’ అనే ముందు: ఏడాది దాటిన బిడ్డ బరువు, ఆహారం

పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచి నిజాం రాజ్యపు పల్లెలను విడిచి బొంబాయికి కూలిపనికై వచ్చిన కామాఠీల పేరిటనే కామాఠీపురా వెలసింది. తరాలు మారాయి, పిల్లల బడి భాష మారింది. అయినా ఆ గల్లీల్లోని తెలుగు తల్లుల నోట ఒక మాట మాత్రం మారలేదు. పాలు ‘పడటం లేదు’, గుడ్డు ‘పడటం లేదు’, ఇక్కడి నీళ్లే ‘పడటం లేదు’. బిడ్డ ఏడాది దాటి, నడక నేర్చి, ఒళ్లు తగ్గినట్లు కనబడగానే ఈ మాట మొదలవుతుంది. వైద్యపరంగా ఒకదానితో మరొకటికి సంబంధం లేని నాలుగైదు అవస్థలను ఈ ఒక్క క్రియ మోస్తున్నది. చిక్కంతా అక్కడే ఉంది. ఏది పడటం లేదో తేలకముందే పాలు మానిపిస్తారు, తరువాత గుడ్డు, ఆ తరువాత పప్పు; చివరకు బిడ్డకు మిగిలేది చాయ్‌లో ముంచిన బిస్కెట్టు.

బిడ్డ నిజంగా పెరగటం లేదా అన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. తొలి ఏడాది ముగిసేసరికి బిడ్డ బరువు పుట్టినప్పటి బరువుకు సుమారు మూడింతలవుతుంది. రెండవ ఏడాదిలో ఆ వేగం ఉండదు. నెలకు దాదాపు 200 గ్రాములు పెరిగితే చాలు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. నిన్నటిదాకా గిన్నె ఖాళీ చేసిన బిడ్డ నేడు మూతి తిప్పుకోవడం చాలాసార్లు రోగమూ కాదు, దిష్టీ కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ఏడాది నిండిన మగబిడ్డ మధ్యస్థ బరువు 9.6 కిలోలు, ఆడబిడ్డ బరువు 8.9 కిలోలు. రెండేళ్లు నిండేసరికి అవి 12.2, 11.5 కిలోలవుతాయి. ఇంతకంటే తక్కువ ఉన్న ప్రతి బిడ్డా బలహీనుడని అర్థం కాదు. ఏడాదికి మగబిడ్డ 7.7, ఆడబిడ్డ 7.0 కిలోలకు దిగువన ఉన్నా, రెండేళ్లకు 9.7, 9.0 కిలోలకు దిగువన ఉన్నా తక్కువ బరువుగా లెక్కిస్తారు. ‘మా వంశమే సన్నం, ఈ లెక్కలు తెల్లవాళ్ల పిల్లలవి’ అనే సమాధానం పెద్దల నుంచి తరచు వస్తుంది. ఆ ప్రమాణాల కోసం ఆరు దేశాలలో కొలిచిన పిల్లలలో దక్షిణ ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. తగిన తిండి, శుభ్రత దొరికితే మన పిల్లలు కూడా తొలి ఐదేళ్లు అదే తీరున పెరుగుతారని ఆ అధ్యయనం చూపింది.

ఒక్కనాటి తూకం కంటే నెలనెలా గీసిన గీత ఎక్కువ చెబుతుంది. ముంబైలో ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డు మరాఠీలో ఉంటుంది గనుక కొన్ని మాటలు తెలిసి ఉండటం మేలు. ‘వజన్’ అంటే బరువు. ‘ఉంచీ’ అంటే ఎత్తు. ‘దండ్ ఘేర్’ అంటే భుజానికీ మోచేతికీ నడిమధ్యన పట్టీతో కొలిచే చేతి చుట్టుకొలత. ఆడపిల్లల పటం గులాబీ రంగు, మగపిల్లలది నీలం. గీత ఆకుపచ్చ పట్టీలో పైకి సాగుతుంటే పక్క ఖోలీలోని బొద్దు పిల్లవాడితో పోల్చుకొని బెంగపడనక్కరలేదు. వరుసగా రెండు మూడు నెలలు గీత అడ్డంగా సాగినా, కిందికి వంగినా ఆకుపచ్చ పట్టీలోనే ఉంది కదా అని ఊరుకోరాదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ చేతి కొలత 12.5 సెంటీమీటర్లకు తగ్గితే అంగన్‌వాడీ సేవిక ‘మధ్యమ్ కుపోషిత్’ అని, 11.5కు తగ్గితే ‘తీవ్ర కుపోషిత్’ అని రాస్తుంది. ఆ మాటలు తల్లిపై వేసిన నింద కావు. చికిత్సకు తలుపు తెరిచే మాటలు.

ఇక పడకపోవడం సంగతి. తీవ్రమైన విరేచనాల తరువాత పేగు లోపలి పొర దెబ్బతిని, పాలలోని చక్కెర కొన్నాళ్లు అరగదు. విరేచనం నీళ్లగా, నురుగుతో, పుల్లని వాసనతో వస్తుంది, కడుపు ఉబ్బుతుంది. చాలామంది పిల్లలలో ఇది కొద్ది వారాలలో సర్దుకుంటుంది. ఆ వ్యవధిలో పెరుగన్నం సాధారణంగా అరుగుతుంది. తల్లిపాలు మాత్రం ఆపకూడదు. పాల చక్కెర అరగకపోవడం పెద్దలలో సాధారణమే గాని ఐదేళ్లలోపు పిల్లలలో పుట్టుగుణంగా అరుదు. కనుక ‘వాళ్ల నాన్నకూ పాలు పడవు’ అన్నది బిడ్డకు పాలు మానిపించడానికి తగిన ఆధారం కాదు.

అలర్జీ వేరు. పాలో, గుడ్డో తిన్న నిమిషాలలో గాని, రెండు గంటలలోపు గాని ఒంటిపై దద్దుర్లు లేచి, పెదవులు వాచి, వాంతులవుతాయి. ఊపిరి అందకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. అలర్జీ తేలితే ఆ పదార్థాన్ని మానిపించవలసిందే; అయితే దానికి బదులు ఏమి పెట్టాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

మూడవది గోధుమకు సంబంధించినది. సీలియాక్ వ్యాధి అన్నం తినే దక్షిణాదిలో కంటే గోధుమ తినే ఉత్తరాదిలో ఎక్కువగా కనబడుతుంది. జొన్నరొట్టె, అన్నం తిన్న కుటుంబాలు ముంబైలో చపాతీకి, పావుకు అలవాటు పడ్డాయి గనుక దీన్ని గురించి కొంత తెలిసి ఉండాలి. వదలని విరేచనాలు, ఉబ్బిన పొట్ట, సన్నబడిన చేతులు, ఆగిన ఎత్తు దీని లక్షణాలు. దీనికి రక్తపరీక్ష ఉంది. గోధుమ మానిపించకముందే ఆ పరీక్ష చేయించాలి, మానిన తరువాత చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

అయితే బరువు ఆగిన పిల్లలందరిలోనూ ఇవే కారణాలని వెతకడం పొరపాటు. చాలాసార్లు కారణం తిండి చాలకపోవడమే. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు దాదాపు 1,000 కిలోకేలరీలు కావాలి. చిన్న పొట్టలో ఒక పూటకు పట్టేది ఒక కప్పు. ఆ కప్పును చారు నీళ్లతోనో, పలుచని గంజితోనో నింపితే కడుపు నిండుతుంది, బలం చేరదు. రోజుకు అర లీటరు మించి పాలు తాగే బిడ్డ అన్నం వద్దంటాడు, పాలలో ఇనుము తక్కువ గనుక రక్తమూ తగ్గుతుంది. చాయ్ అయితే తిండిలో ఉన్న కాస్త ఇనుమును కూడా ఒంటబట్టనీయదు. ‘గుడ్డు వేడి, అరటిపండు జలుబు’ అనే లెక్కకు ఇందులో చోటు లేదు.

పిల్లల పోషణలో మాంసకృత్తుల కొరత కంటే మొత్తం తిండి కొరతే పెద్దదని గట్టిగా చెప్పినవారిలో డాక్టర్ సి. గోపాలన్ ముఖ్యులు. ఆయన సారథ్యం వహించిన జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలింది. ‘హైదరాబాద్ మిశ్రమం’ అక్కడిదే: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. దినుసులను వేయించి పొడిచేసి బెల్లం కలిపితే 330 కిలోకేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు అందుతాయి. కామాఠీపురా కిరాణా కొట్లలో దొరకనిది ఇందులో ఏదీ లేదు. పల్లీలను మాత్రం గింజలుగా పెట్టరాదు, గొంతులో అడ్డం పడతాయి. మామూలు పప్పన్నంలో ఒక చెంచా నూనె కలిపినా 45 కిలోకేలరీలు చేరతాయి.

తిండి సరిగా పెట్టినా గీత లేవకపోతే రోగం కోసం చూడాలి. చాళ్లలో నీళ్లు కొన్ని గంటలే వస్తాయి, డ్రమ్ములలో నిలువ ఉంటాయి. విరేచనాలు తిరగబెడుతూ ఉంటాయి. అప్పుడు ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు మందు 14 రోజులు పూర్తిగా వాడాలి. నులిపురుగుల మందు ఏడాది నిండిన నాటి నుంచి ఇస్తారు. ఒకే ఖోలీలో ఎవరికైనా వదలని దగ్గు ఉండి, బిడ్డ బరువు మూడు నెలలుగా పెరగకపోతే క్షయ పరీక్ష తప్పనిసరి. ఈ సంగతిని సిగ్గుపడి దాచడం వల్ల నష్టపోయేది బిడ్డే.

రెండు పాదాలూ వాచి, బొటనవేలితో నొక్కితే గుంట పడుతున్నా, బిడ్డ ఏమీ తినకుండా మగతగా పడి ఉన్నా తూకం కోసం ఆగరాదు. దగ్గరలోని నాయర్ ఆసుపత్రి పిల్లల విభాగానికి వెళ్లాలి.

మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ఇంటికే ఆహారం ఇస్తుంది. ప్రమాణం రోజుకు 500 కిలోకేలరీలు, తీవ్ర కుపోషణలో ఉన్నవారికి 800. ఊరి అంగన్‌వాడీలో పేరు ఉన్న బిడ్డను పోషణ్ ట్రాకర్ ద్వారా ఇక్కడికి మార్చుకోవచ్చు. బతుకమ్మకో, వేసవి సెలవులకో ఊరికి పోయేటప్పుడు కార్డును వెంట తీసుకుపోయి, అక్కడ కూడా నెలకొకసారి తూకం వేయించి అదే పటంలో గుర్తు పెట్టించాలి. పటం రెండు చోట్లా ఒకటే. భాష మాత్రమే వేరు.