గుహలోని గాలి

స్లొవేనియా దేశమందలి పోస్తోయ్నా గుహను 1819 నుండి యాత్రికులు దర్శించుచున్నారు. 1884లోనే అందు విద్యుద్దీపములు వెలిగినవి. చిన్న రైలుబండి యెక్కి, సున్నపుఱాతి స్తంభముల నడుమ విహరించి, గంటన్నరలో వెలుపలికి వచ్చు సందర్శకునకు, ఆ చల్లని గాలిలో రంగును వాసనయు లేని రేడాన్ అను వాయువు కలదన్న సంగతి స్ఫురింపనే స్ఫురింపదు.

శిలలలో లేశమాత్రముగ నుండు యురేనియము క్రమముగ క్షయించి రేడియముగను, అది రేడానుగను మారును. ఆరుబయట చెదరిపోవు నీ వాయువు గుహలో నిలిచిపోవును. దాని అర్ధాయువు నాలుగు దినములకు లోపే. అయినను అసలు హాని దాని సంతానమగు పొలోనియము వలననే యెక్కువ. ఆ కణములు ధూళి నంటుకొని ఊపిరితిత్తులు చేరి, అచ్చటనే ఆల్ఫా కిరణములను వెలువరించును. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే రేడానును కేన్సరు కారకముగ నిర్ణయించినది.

చిత్రమేమనగా, గుహకు కూడ ఋతుధర్మము కలదు. శీతకాలమున లోపలి వెచ్చని గాలి పొగగొట్టములోని పొగవలె పైకి లేచిపోగా, బయటి చలిగాలి లోనికి వచ్చి రేడానును పలుచన చేయును. వేసవిలో ఆ రాకపోకలు మందగించి, ఘనపు మీటరు గాలిలో రేడాను వేల బెక్వెరళ్లకు (రేడియోధార్మికతను కొలుచు మానము) పెరుగును. యాత్రికుల రద్దీయు సరిగా అప్పుడే! పనిచోట్లలో వార్షిక సగటునకు ఐరోపా సమాఖ్య 2013లో సూచించిన ప్రమాణము 300 మాత్రమే.

ఒక్కసారి చూచి పోవువానికి భయము లేదు. ఏడాది పొడుగున దినదినము లోనికి పోవు మార్గదర్శకుని మాటయే వేరు. పంకాలు పెట్టి గాలి తోలుదమన్నచో లోపలి తేమ చెడి శిలాసౌందర్యమే పాడగును. కావున అతని పనిగంటలను లెక్కించి, మోతాదు మించకుండ పరిమితము చేయుటయే ఆచరణీయమైన మార్గము.