దత్త శాసనాలపై పార్లమెంటు కమిటీల పరిశీలన

చట్టాలు చేసేది పార్లమెంటు. అయితే మనకు నిత్యం ఎదురయ్యే దరఖాస్తు ఫారాలు, రుసుములు, గడువులు చాలావరకు చట్టంలో కనిపించవు. చట్టం అప్పగించిన అధికారంతో మంత్రిత్వశాఖలు వాటిని నియమాలుగా రూపొందిస్తాయి. వీటినే దత్త శాసనాలు అంటారు. అప్పగించిన అధికారాన్ని హద్దు మీరకుండా వాడారా అని చూడటానికి లోక్‌సభలో 1953లో, రాజ్యసభలో 1964లో ప్రత్యేక కమిటీలు ఏర్పడ్డాయి. లోక్‌సభ కమిటీలో 15 మంది సభ్యులుంటారు. మంత్రులకు అందులో స్థానం లేదు. పరీక్ష రాసినవారే పేపరు దిద్దకూడదు కదా!

నియమం మాతృచట్టం పరిధిలో ఉందా, చట్టంలోనే ఉండవలసిన అంశాన్ని నియమంలో చేర్చారా, పన్ను విధిస్తోందా, న్యాయస్థానాల అధికారాన్ని అడ్డుకుంటోందా, అధికారం లేకుండా పాత తేదీ నుంచి వర్తింపజేశారా, భాష అస్పష్టంగా ఉందా అని కమిటీ పరిశీలిస్తుంది. చివరి అంశం చిన్నదిగా అనిపించవచ్చు, కాని కాదు.

2011 ఏప్రిల్‌లో కేంద్రం ఇంటర్నెట్ మధ్యవర్తి సంస్థలకు నియమాలు ప్రకటించింది. అభ్యంతరకర సమాచారంపై ఫిర్యాదు అందితే 36 గంటల్లో చర్య తీసుకోవాలన్నది అందులో ఒకటి. కాని ‘దైవదూషణ’, ‘కించపరచడం’ వంటి మాటలకు నిర్వచనం లేదు. రాసినవారి వాదన వినే ఏర్పాటూ లేదు. అలాంటప్పుడు ఏ సంస్థయినా వివాదం ఎందుకని రాతను తొలగించడానికే మొగ్గుతుంది. ఈ నియమాలను రద్దుచేయాలని పి. రాజీవ్ 2012 మేలో రాజ్యసభలో పెట్టిన తీర్మానం వీగిపోయింది. 2013 మార్చిలో లోక్‌సభ కమిటీ తన నివేదికలో పదాల అస్పష్టతను ఎత్తిచూపి, తొలగింపు విధానంలో స్పష్టత, దుర్వినియోగం జరగకుండా రక్షణలు ఉండాలని కోరింది. కమిటీ సిఫార్సుకు ఆదేశబలం లేదు. చివరకు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ ప్రకటన ఉంటేనే తొలగించాలన్న అర్థంలో ఆ నియమాన్ని కుదించింది.

ఇక్కడ ఒక లోపం గమనించండి. మన కమిటీలు సాధారణంగా నియమం అమలులోకి వచ్చాకే దానిని చూస్తాయి. నియమాలను 30 రోజులు సభల ముందు ఉంచుతారు. ఉభయ సభలూ అంగీకరించి రద్దుచేసినా, అప్పటికే జరిగిన చర్యలు చెల్లుతాయి. ముసాయిదా దశలో అభ్యంతరాలు చెప్పే అవకాశం, మాతృచట్టం ముందస్తు ప్రచురణను కోరినప్పుడు, 1897 జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షన్ ద్వారా ప్రజలకు లభిస్తుంది. బ్రిటన్‌లో మాత్రం ముఖ్యమైన నియమాలు చాలావరకు ముసాయిదాగానే పార్లమెంటుకు వస్తాయి. కమిటీలు వాటిని పరిశీలించి, సభలు ఆమోదించాకే అవి చట్టబద్ధమవుతాయి.